నలువదవయేట నా పలువరుస



నవ్వు వచ్చినప్పుడెల్ల కొంగు నోటికడ్డము పెట్టుకొను స్త్రీని మీరు చూచియే యుందురు. అది పెద్దల యెదుట వినయమని లోకము తలంచును. ముప్పదియెనిమిదవ యేటివరకు నేనును అట్లే కొంగు అడ్డము పెట్టుకొంటిని. నాది వినయము కాదు, ఎత్తుపండ్లను దాచుకొనుట. ఆ కొంగు నేనెట్లు తీసితినో, అందుకెంత కాలము పట్టినదో, అందులో వైద్యులు చేసినదేమో, నేను చేయవలసివచ్చినదేమో మీకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది ఎల్లారెడ్డి. 2016వ సంవత్సరము అక్టోబరు నెలవరకు నిజామాబాదు జిల్లాలోనిది. నాటినుండి కామారెడ్డి జిల్లాలో చేరినది. నా పుట్టినిల్లు నిజాంసాగరు కాలువ క్రింది పల్లె. 1931లో పూర్తియైన ఆ ప్రాజెక్టు నీటితో మా వైపున వరియు చెరకును పండించెడివారు. తోడిపిల్లలందరు చెరకుగడను పండ్లతో చీల్చి నమలుచుండగా, నేను మాత్రము మా నాయన కత్తితో ముక్కలు చేసి యిచ్చువరకు కూర్చుండెడిదానను. కారణమేమన, వెనుకటి పండ్లు కలిసినప్పుడు నా ముందరి పండ్లు కలియవు. పైవరుసకును క్రిందివరుసకును నడుమ చిటికెనవ్రేలి కొన దూరునంత సందు. మక్కకంకి కొరుకుటకు రాదు. సంక్రాంతికి చేసిన సకినమును చేతితో విరిచి దవడకు వేసికొనవలసినదే. అన్నము మెత్తగా నున్నంతవరకు చింతలేదు. గట్టిపదార్థమేదైనను విందులో వడ్డించినచో నాకు గుండె దడదడలాడెడిది.

చిన్ననాట తొమ్మిదవ యేటివరకు బొటనవ్రేలు నోట నుంచుకొని నిద్రించితినట. తరువాత వ్రేలు మానితిని. కాని వ్రేలు చేసిన సందులోనికి నాలుక వచ్చి కూర్చున్నది. ఈ సంగతి నాకు తెలిసినది ముప్పదేండ్లు గడచిన పిమ్మట.

పెండ్లిచూపులనాడు మా మేనత్త నా చెవిలో, “నోరు మూస్కొని కూసో బిడ్డా, ఏమడిగినా తలూపు” అని చెప్పెను. మొదట వచ్చిన యిద్దరు చూచి వెళ్లి మరల కబురు చేయలేదు. మూడవసారి వచ్చినవారు మా వారు. పెండ్లినాటి ఫోటోలు నేటికిని మా పెట్టెలో నున్నవి. ఒక్కదానియందును నేను నవ్వలేదు. మేనత్త మాట పెండ్లితో తీరిపోక నా వెంటనే మెట్టినింటికి వచ్చినది.

నేను ఇంటిలోనే కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుట్టుదును. ఈ పని చేయువారు దారమును ముందరి పండ్లతో పుటుక్కున తెంపుట అలవాటు. నాకది చేతగాక ప్రక్కనున్న కోరపంటితో లాగి తెంపెడిదానను. గుండుసూదులు పెదవుల నడుమ పట్టుకొనెడిదానను. కొలతలకు వచ్చిన ఆడవారు హాస్యమాడినప్పుడు చేతిలోని బట్టయే నాకు కొంగయ్యెడిది.

2020వ సంవత్సరమున కరోనా వచ్చి అందరును నోటికి మాస్కు కట్టవలసివచ్చినది. ఊపిరాడుటలేదని లోకమంతయు దానిని తిట్టుచుండగా నేను మాత్రము లోలోన సంతోషించితిని. సంతకు పోయినను, బ్యాంకునకు పోయినను తలయెత్తి మాటాడితిని. దుకాణములో నిలుచుండి పకపక నవ్వితిని. వ్యాధి తగ్గి మాస్కులు తీసివేసిననాడు వీధిలోనికి వచ్చుటకు నాకు కాళ్లాడలేదు. రోగభయముకంటె నా పండ్ల భయమే పెద్దదని అప్పుడు తెలిసి, నాయందు నాకే జాలి కలిగినది.

ఆ దినములలోనే యొక తొందరపని చేయబోయితిని. పండ్లు కట్టువాడొకడు, “ముందరి నాలుగు పండ్లు తీసేసి రెండు రోజుల్ల కొత్తయి పెడ్త” నని చెప్పెను. రెండు దినములలో ముప్పదేండ్ల సిగ్గు తీరుననగా ఎవరికి ఆశ పుట్టదు? పైకము కూడ కూర్చుకొంటిని. అంతలో మా చిన్నమ్మ మాయింటికి చుట్టపుచూపుగా వచ్చెను. ఆమెకును నావంటి పండ్లే యుండగా, పడుచుతనమున వానిని తీయించుకొని కట్టుడుపండ్లు పెట్టించుకొన్నది. పంటి వ్రేళ్లు లేనిచోట దవడయెముక యేటేట తరిగిపోవును. ఆమె కట్టుడుపండ్లు వదులై మాటాడునప్పుడు జారుచుండెను. నా యెదుట వానిని తీసి అరచేతిలో పెట్టి, “మంచి పండ్లను పీకిచ్చుకున్న పిల్లా, నువ్వు ఆ పని చెయ్యకు” అని కన్నీరు పెట్టుకొన్నది. నేను వెళ్లలేదు.

ఇక నాకు దారి చూపినది మా చిన్నకూతురు. దానికప్పుడు ఏడేండ్లు. అదియు నావలెనే నిద్రలో బొటనవ్రేలు నోట నుంచుకొనెడిది. మా అత్తగారు వ్రేలికి వేపాకు నూరి పూసిరి, కాకరరసము పూసిరి. అది కడుగుకొని వచ్చి మరల చీకెడిది. నా గతియే దీనికిని పట్టునని భయపడి, 2022 వేసవిలో దానిని వెంటబెట్టుకొని బాన్సువాడ మీదుగా బస్సులో నిజామాబాదునకు, అచ్చటి యొక దంతవైద్యకళాశాలకు వెళ్లితిని.

వైద్యురాలు నాకంటె చిన్నది. పిల్లను చూచినది, పాలపండ్లు ఊడి క్రొత్తపండ్లు వచ్చుచున్న సమయమిది గనుక, ఇప్పుడు వ్రేలు మానినచో సందు చాలవరకు తనంతట తానే పూడునని చెప్పినది. తిట్టి, కొట్టి, చేదు పూసి మాన్పించుటకంటె, మానిన ప్రతిదినమును మెచ్చుకొని మాన్పించుట మేలనెను. తరువాత నావైపు తిరిగి, “అమ్మా, మీరు కూడా ఒక్కసారి నోరు తెరుస్తారా?” అని అడిగెను.

ముప్పదియెనిమిదేండ్లలో నన్ను నోరు మూసికొమ్మన్నవారే గాని తెరువుమన్నవారు లేరు. నాకు దుఃఖము వచ్చినది. నేను కొంగు తీయుటకు కొంతసేపు పట్టినది, ఆమె తొందరపెట్టలేదు.

ఆమె నాచేతికి అద్దమిచ్చి, ఒక గుక్కెడు నీరు నోట నుంచి, తన వ్రేళ్లతో నా పెదవులను విడదీసి, మ్రింగుమనెను. మ్రింగితిని. నా నాలుక పాముపిల్లవలె ముందరి పండ్ల సందులోనికి దూరి వానిని నెట్టుట అద్దములో కనబడెను. పుట్టినది మొదలు నాతో నున్న నాలుక యిట్లు చేయుచున్నదని నాకు తెలియదు. నాలుక యొక్క చోటు అంగిలియట. నోరు మూసికొని యున్నప్పుడు దాని కొన పైపండ్ల వెనుకనున్న చిన్న మిట్టపై ఆనియుండవలెనట. మ్రింగునప్పుడు నెట్టుటకంటె, ఊరకున్నప్పుడు గంటలతరబడి పండ్లనడుమ వ్రాలియుండుట ఎక్కువ కీడు. బలముగా ఒక్కసారి త్రోసినందున పన్ను కదలదు. మెల్లగా ఎడతెగక త్రోసినందున కదలును.

“ఈ వయస్సున ఇంకేమి సరియగును?” అని యడిగితిని. ఆమె చెప్పినది నా మాటలలో వ్రాయుచున్నాను. పన్ను గోడలో దిగగొట్టిన మేకువంటిది కాదు. పంటికిని దవడయెముకకును నడుమ పావు మిల్లీమీటరు మందమున సన్నని నారల పొర కలదు. పంటిపై మెల్లని ఒత్తిడి పెట్టినచో, అది పోవువైపున యెముక కరగును. విడిచిన వైపున క్రొత్తయెముక పుట్టును. ఈ రీతిని పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగును. యెముక ప్రాణమున్నది గనుక ఇది పదేండ్ల పిల్లకును నలువదేండ్ల స్త్రీకిని జరుగును. చిగుళ్లును యెముకయు ఆరోగ్యముగా నుండవలెను, అంతియే. భేదమేమనగా, పెద్దవారికి దవడ యెదుగుట ముగిసియుండును. పిల్లలకు ఎదుగుచున్న దవడను త్రిప్పవచ్చును. పెద్దవారికి పండ్లను మాత్రమే త్రిప్పగలరు. లోపము దవడయెముకలోనే యున్నచో శస్త్రచికిత్స కూడ కావలసియుండును. ఎక్స్‌రే తీసి చూచి, నా లోపము చాలవరకు పండ్లది, నాలుకది యని చెప్పినప్పుడు నేను చేతులు జోడించితిని.

ఈ వైద్యము నిన్న మొన్నటిది కాదు. పియరు ఫోషారను ఫ్రెంచి వైద్యుడు 1728లో ప్రకటించిన తన గ్రంథమున, వంకరపండ్లను లోహపు పట్టీకి దారముతో కట్టి సరిచేయు విధమును వర్ణించెను. అమెరికాలో ఎడ్వర్డు ఏంగిలు 1899లో పండ్ల కూడికలోని లోపములను మూడు తరగతులుగా విభజించి దీనికొక శాస్త్రరూపము నిచ్చెను. ఆ కాలమున ఒక్కొక్క పంటిచుట్టు లోహపు కట్టు బిగించెడివారు. 1955లో బ్యూనోకోరను నతడు పంటిపై పింగాణీని ఆమ్లముతో గరుకు చేసినచో దానికి మందు గట్టిగా అంటుకొనునని చూపెను. నేడు మనము క్లిప్పులనెడి చిన్నబిళ్లలను పంటికి అతికించుట అందుమూలముననే సాధ్యమైనది. మనదేశమున మొదటి దంతవైద్యకళాశాలను 1920లో కలకత్తాయందు డాక్టరు రఫీయుద్దీను అహమ్మదు స్థాపించిరి. హైదరాబాదున ప్రభుత్వ దంతవైద్యకళాశాల 1959లో ఏర్పడినది. అనగా నేను పుట్టునప్పటికే మా రాజధానిలో ఈ వైద్యులుండిరి. మా యింటివారికి తెలియలేదు. తెలిసినను ఆడపిల్ల పండ్లకై హైదరాబాదు పోయెడివారా?

ఇంటికి వచ్చి సంగతి చెప్పగానే మా అత్తగారు, “నలభై ఏండ్లకు క్లిప్పులేంది బిడ్డా? పెండ్లి గాకముందు అయితే ఏమో అనుకోవచ్చు. ఇప్పుడు నీ పండ్లను ఎవలు సూస్తరు?” అనిరి. మా వారు మాటాడలేదు. పిల్లల ఫీజులు ఆయన మనస్సులో మెదలుచున్నవని నాకు తెలియును. అత్తగారి మాట కఠినమని నేననను. మన యిండ్లలో స్త్రీ శరీరముపై ఖర్చు పెండ్లివరకు ఒకరీతి, కాన్పులవరకు ఒకరీతి. ఆ తరువాత రోగము వచ్చి మంచమెక్కినప్పుడే. వారిని కూడ ఎవరును ఏనాడును చూపించలేదు.

ఆ రాత్రి చాలసేపు ఆలోచించి, తెల్లవారి వారితో, “అత్తమ్మా, ఎవలు సూడకున్నా మంచిదే. నేను మక్కకంకి కొరుక్కొని తినాలె. నా బిడ్డ ముంగట కొంగు తీసి నవ్వాలె. నా కుట్టుపైసలే పెట్టుకుంట” అంటిని. కమ్మలకని దాచుకొన్న సొమ్ము నాకడ నుండెను. కళాశాలలో వ్యయము తక్కువ. వాయిదాలపై మొత్తమునకు 24,000 రూపాయలైనది. అత్తగారు మూడు దినములు నాతో మాటాడలేదు. క్లిప్పులు పెట్టించుకొని వచ్చిన నాటిరాత్రి నేను అన్నము నమలలేక కూర్చుండగా, ఆమెయే జొన్నగటక మెత్తగా కాచి, మజ్జిగ పోసి తెచ్చి నా ముందర పెట్టిరి. తరువాత ఆ ప్రసక్తి మాయింట రాలేదు.

చికిత్స సుఖమని చెప్పను. మొదట నెలన్నర చిగుళ్లను శుభ్రము చేయుటకే పట్టినది. చిగుళ్లలో నెత్తురున్నంతవరకు పండ్లను కదల్పరాదట. తీగ బిగించినప్పుడెల్ల రెండు మూడు దినములు నొప్పి. బుగ్గలలోపల పుండ్లు పడినప్పుడు బిళ్లలపై మైనము అద్దుకొనెడిదానను. తిన్నప్పుడెల్ల బ్రష్షుతో తోముకొనవలెను. లేనిచో బిళ్లలచుట్టు తెల్లమచ్చలు పడి పండ్లు పుచ్చును. నెలకొకసారి తెల్లవారుజామున వంట ముగించి బస్సెక్కి, చీకటిపడువేళకు ఇల్లు చేరెడిదానను. వీధిలో పిల్లలు చూచి నవ్విరి. ఆశ్చర్యమేమనగా, దాచుకొన్నన్నాళ్లు నన్ను బాధించిన నవ్వు, బాగుచేసికొనుచున్నప్పుడు బాధింపలేదు.

అన్నిటికంటె కష్టమైనది నాలుకకు చదువు చెప్పుట. దాని కొనను అంగిలిమిట్టపై నుంచి, పండ్లు కలిపి, పెదవులు బిగింపక, పూటపూటకును నియమముగా నీరు మ్రింగవలెను. పిల్లతో నొక ఒప్పందము చేసికొంటిని: దాని వ్రేలు, నా నాలుక. గెలిచిన దినమున క్యాలెండరుపై అది యెఱ్ఱసున్న, నేను నీలిసున్న చుట్టుదుము. మూడునెలలలో దాని వరుస యెఱ్ఱసున్నలతో నిండినది. ఏడాది తిరుగునప్పటికి దాని క్రొత్తపండ్లు చక్కగా కలిసినవి. దానికి ఏ తీగయు కట్టవలసిన పని లేకపోయెను.

నా సందును 2023 వేసవికి మూసుకొనెను. మేము పండుగ చేసికొంటిమి. అటుపైని రెండునెలలకు చూచుకొనగా అగ్గిపుల్ల దూరునంత సందు మరల కనబడినది. నేను ఏడ్చుచు వైద్యురాలికి చూపితిని. ఆమె తీగను ముట్టకమునుపే, “రోజులో ఎక్కువసేపు ఏ పని చేస్తారు?” అని యడిగెను. మిషను కుట్టుదునంటిని. “అప్పుడు మీ నాలుక ఎక్కడుంటుందో చూసుకొని రండి” అనెను.

చూచుకొంటిని. సూదిలో దారమెక్కించునప్పుడు, వంపు కుట్టునప్పుడు, మనస్సంతయు బట్టపై నుండగా నా నాలుక మెల్లగా ముందరికి వచ్చి పండ్ల నడుమ కూర్చుండెను. పెదవులలో గుండుసూదులుండుటచేత నోరు తెరచియే యుండెను. వ్యాయామము పూటకు పది నిమిషములు. ఈ కూర్చుండుట దినమునకు ఆరేడు గంటలు. ఇక గెలుపెవరిది? నాటినుండి సూదులను ముంజేతికి కట్టుకొన్న చిన్న దిండుపై గ్రుచ్చుచున్నాను. దారమునకు చిన్న కత్తెరను మెడలో వ్రేలాడదీసికొంటిని. మిషను ముందర యెఱ్ఱగుడ్డపేలిక యొకటి కట్టితిని. అది కంటబడినప్పుడెల్ల నాలుకను ఇంటికి పంపుదును. కొన్ని నెలలకు పేలికను చూడకయే అది తనచోట నుండుట నేర్చినది. సందు మరల మూసుకొనెను, ఈసారి తెరువలేదు.

2024 జూలైలో క్లిప్పులు తీసిరి. పండ్ల వెనుక సన్నని తీగ అతికించి, రాత్రులయందు పెట్టుకొనుటకు రిటైనరను పలుచని బిళ్ల నిచ్చిరి. పండ్లకు తమ పాతచోటు జ్ఞాపకముండును. అందుచేత ఇది పెట్టుకొనుట మానరాదు. అత్తగారు తమ కట్టుడుపండ్లను గిన్నెలో వేయునప్పుడు నేను నా బిళ్లను తీసి పెట్టుకొందును, ఇరువురము నవ్వుకొందుము.

సోదరీమణులారా, నా యనుభవమునుండి మీకు చెప్పదగినవి కొన్ని కలవు. పిల్లలు వ్రేలు చీకుట క్రొత్త ముందరిపండ్లు వచ్చులోపల, అనగా సుమారు ఆరేండ్లలోపల మానునట్లు చూడుడు. ఏడవయేట నొకసారి దంతవైద్యునకు చూపుడు. నోటితో ఊపిరి తీయు పిల్లకు ముందు ముక్కును, గొంతును చూపింపుడు. ముక్కు మూసుకొనియున్న పిల్లను నోరు మూయుమనుట అన్యాయము. గోళ్లు కొరుకుట, దారము తెంపుట, సీసామూత లూడదీయుట పండ్లపని కాదు. రాత్రి నిద్రలో పండ్లు కొరుకువారు అరిగిపోవునంతవరకు ఊరకుండక వైద్యునకు చెప్పుడు. పెద్దవయస్సున పండ్లు సరిచేయించుకొన దలచినవారు బి.డి.యస్. పిమ్మట మూడేండ్లు ఈ విద్యనే ప్రత్యేకముగా చదివిన వైద్యునికడకు పోవుడు. రెండు దినములలో చేసెదనని మంచి పండ్లను పీకువానికి మాత్రము నోరు తెరువకుడు. తీగలు పండ్లను తెచ్చి చోట నిలుపును; అవి అచ్చట నిలుచుట మన అలవాటుపై నున్నది. ఆ పని మనకుమారు వైద్యుడు చేయజాలడు.

2025 సంక్రాంతికి అత్తగారు సకినములు కాల్చి, మొదటిది నాచేతికిచ్చి, “విరవకు, కొరుకు” అనిరి. ముందరి పండ్లతో కొరికితిని. మా పిల్ల ఆ చప్పుడు విని చప్పట్లు కొట్టెను. మాయింటి ప్రక్కన బీడీలు చుట్టు ఆమె గడపలో నిలుచుండి అంతయు చూచుచుండెను. ఆమెకు నలువదియైదేండ్లు. మరునాడు కొంగు నోటికడ్డము పెట్టుకొని మాయింటికి వచ్చి, “ఆ నిజామాబాదు బస్సు ఎన్ని గంటలకక్కా?” అని మెల్లగా అడిగెను. వచ్చు నెలలో ఆమెకు తోడుపోయితిని.

మీ యింటనో, మీ పొరుగింటనో అట్లు కొంగు అడ్డము పెట్టుకొనువా రుండినచో, వారికి వయస్సు మీరినదని చెప్పకుడు. తోడు పోయెదమని చెప్పుడు. ఇదియే నా విన్నపము.